అమెరికా తొలి టార్పెడో బోటు కుషింగ్: పేరు ఎవరిది, పడవ చేసిందేమిటి?

సందేహాల సత్తిబాబు:

అందరికీ నమస్కారం. 1898లో జరిగిన స్పెయిన్–అమెరికా యుద్ధం గురించి చదువుతుంటే ఒక చిన్న పడవ పేరు మాటిమాటికీ తగిలింది: యూఎస్ఎస్ కుషింగ్. అమెరికా నౌకాదళం జాబితాలో ఇది టీబీ-1, అంటే టార్పెడో బోట్లలో (నీళ్ల కింద ఓడల్ని పేల్చే టార్పెడోలు మోసే పడవల్లో) మొట్టమొదటి నంబరు. 1890లో సర్వీసులోకి వచ్చింది. విలియం బార్కర్ కుషింగ్ అనే నేవీ ఆఫీసరు పేరు పెట్టారట. సరే, ఈయనెవరా అని వెతికితే, నేవల్ అకాడమీ నుంచి బయటికి పంపేసిన మనిషి అని ఉంది!

రెండు విషయాలు ఎవరైనా చెప్పండి. చదువు పూర్తి చేయని వాడి పేరు తొలి బోటుకు ఎందుకు పెట్టారు? ఆ బోటు తన జీవితకాలంలో ఒక్క టార్పెడో అయినా శత్రువు మీద వేసిందా?

పాత నావికుడు:

సత్తిబాబు గారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. రెండో ప్రశ్న లెక్కల మాస్టారుకి వదిలేస్తాను, ఆయనకి ఓడల కొలతలంటే పండగ. మొదటిది నేను చెప్తా.

కుషింగ్ 1842లో విస్కాన్సిన్ రాష్ట్రంలో పుట్టాడు, పెరిగింది న్యూయార్క్ రాష్ట్రంలోని ఫ్రెడోనియాలో. అకాడమీలో అల్లరికి పెట్టింది పేరు. స్పానిష్ సబ్జెక్టు తప్పాడు, ఆ పాఠం చెప్పే మాస్టారునే ఆటపట్టించాడు. 1861 మార్చిలో, చదువు ముగియడానికి కొన్ని నెలల ముందు, రాజీనామా ఇచ్చి పొమ్మన్నారు. నెల తిరిగేసరికి అమెరికా ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం మొదలైంది. ఉత్తరాది నేవీకి మనుషులు కావలసి వచ్చింది. అడుగు స్థాయి హోదాలో మళ్లీ చేరాడు, 1862 జులైకల్లా లెఫ్టినెంట్ అయ్యాడు. అప్పటికి వయసు 19.

దక్షిణాది రాష్ట్రాల నదుల్లోకి రాత్రిపూట చొరబడటం ఈయన ప్రత్యేకత. 1864 ఫిబ్రవరిలో ఇరవై మందిని వెంటబెట్టుకుని నార్త్ కరోలినాలోని స్మిత్‌విల్ ఊళ్లోకి అర్ధరాత్రి వెళ్లాడు. లక్ష్యం జనరల్ హెబర్ట్‌ను మంచం మీద నుంచి లేపి ఎత్తుకురావడం! ఆ రాత్రి జనరల్ గారు ఊళ్లో లేరు. కుషింగ్ ఊరుకోలేదు, ఆయన కింద పనిచేసే ఇంజనీరు ఆఫీసర్ని పట్టుకుని వచ్చేశాడు.

కానీ బోటుకి పేరు వచ్చింది వీటివల్ల కాదు, చిన్న లాంచీలో టార్పెడోతో వెళ్లి ఆల్బమార్ల్‌ని ముంచినందువల్ల.

ఆల్బమార్ల్ అనేది దక్షిణాదివాళ్లు రోనోక్ నది ఒడ్డున, ఒక మొక్కజొన్న చేనులో కట్టుకున్న ఇనుప కవచం ఓడ. షిప్‌యార్డ్ లేదు, పెద్ద ఫ్యాక్టరీ లేదు. కట్టించిన గిల్బర్ట్ ఎలియట్ ఇరవై ఏళ్ల కుర్రాడు. నీళ్ల మీద తేలే పెంకుటింటి కప్పులా ఉండేది చూడటానికి. లోపల రెండు పెద్ద బ్రూక్ ఫిరంగులు, ముందువైపు ఢీకొట్టడానికి ఇనుప ముక్కు. 1864 ఏప్రిల్ 19న ప్లిమత్ ఊరి దగ్గర ఉత్తరాది ఓడ సౌత్‌ఫీల్డ్‌ని ఢీకొట్టి ముంచేసింది. పక్కనున్న మయామీ నుంచి పేల్చిన గుండు ఆల్బమార్ల్ కవచానికి తగిలి వెనక్కి ఎగిరివచ్చి, పేల్చిన ఫ్లసర్‌నే చంపింది. ఫ్లసర్ ఆ ఓడ కమాండర్, కుషింగ్‌కి దగ్గరి స్నేహితుడు.

ఆ తర్వాత ఆరు నెలలు ఉత్తరాది నౌకాదళానికి ఆ ఓడ పెద్ద టెన్షన్. చెక్క ఓడలు దాన్ని ఏమీ చేయలేవు, ఉత్తరాది ఇనుప ఓడలు ఆ లోతు తక్కువ నీళ్లలోకి రాలేవు.

గోదారి గట్టు:

బాస్, సస్పెన్స్‌లో ఆపేశావు. మా వైపు లాంచీల మీద పెరిగినవాణ్ణి కాబట్టి అడుగుతున్నా: చిన్న లాంచీ వేసుకుని ఇనుప ఓడని ముంచాడంటే, టార్పెడో ఎక్కడ పెట్టాడు? 1864లో ఈదుకుంటూ వెళ్లే టార్పెడో ఉందా అసలు?

పాత నావికుడు:

లేదు గురూ. దానంతటది నీళ్లలో పరిగెత్తే టార్పెడోని రాబర్ట్ వైట్‌హెడ్ 1866లో ఫియూమేలో తయారుచేశాడు, అప్పుడది ఆస్ట్రియా రేవు. కుషింగ్ దగ్గరున్నది గడ టార్పెడో. ముప్పై అడుగుల పైచిలుకు ఆవిరి లాంచీ, దానికి ముందువైపు పద్నాలుగు అడుగుల గడ, గడ చివర మందు నింపిన డబ్బా. శత్రువు ఓడ పక్కకి వెళ్లి, గడని నీళ్లలోకి వంచి, డబ్బాని ఓడ అడుగు కిందకి పంపి పేల్చాలి. అంటే పేలినప్పుడు నువ్వు పద్నాలుగు అడుగుల దూరంలో ఉంటావు. ఈ లెక్కతోటే చాలామంది వెనక్కి తగ్గుతారు.

పేల్చడం కూడా సులువు కాదు. ఒక తాడు లాగితే గడ కిందకి దిగుతుంది. ఇంకో తాడు లాగితే డబ్బా గడ నుంచి విడివడి, తేలికగా ఉంటుంది కాబట్టి పైకి తేలుతూ ఓడ అడుగుకి ఆనుకుంటుంది. అప్పుడు మూడో తాడు. అది ఒక సీల ఊడదీస్తుంది, లోపలి ఇనుప గుండు జారి క్యాప్ మీద పడుతుంది, పేలుతుంది. మూడో తాడు ఒక్క సెకను ముందు లాగినా, కంగారులో గట్టిగా గుంజినా పని చెడుతుంది. వీటికి తోడు ఇంజను మనిషికీ, ముందున్న చిన్న ఫిరంగి మనిషికీ సైగలు చేయడానికి వేరే తాళ్లు. కుషింగ్ ఒంటికి నాలుగువైపులా తాళ్లు కట్టుకుని నిలబడ్డాడు.

న్యూయార్క్‌లో రెండు లాంచీలు సిద్ధం చేసుకున్నాడు. ఒకటి దారిలోనే శత్రువు చేతికి చిక్కింది. మిగిలిన ఒక్కదానితో, సుమారు పదిహేను మందితో, 1864 అక్టోబర్ 27 రాత్రి బయల్దేరాడు. వాన, కటిక చీకటి. వెనక తాడుకి ఇంకో పడవ కట్టుకుని అందులో మరికొందరు. మునిగిన సౌత్‌ఫీల్డ్ మీద శత్రువు కాపలా ఉండేది, వాళ్ల పక్క నుంచే వెళ్లారు, ఎవరూ కదల్లేదు.

అప్పుడు ఈయన బుర్రలో కొత్త ఆలోచన. ఓడని ముంచడం ఎందుకు, గట్టు మీదకి దూకి, ఓడలోకి ఎక్కి, దాన్నే పట్టుకుపోదాం అని! అంతలో కాపలావాడు "ఎవరది?" అని కేక వేశాడు. దాంతో ఆ ఆశ పోయింది. గట్టు మీద మంట వెలిగించారు, తుపాకులు మొదలయ్యాయి. ఆ వెలుగులో కుషింగ్‌కి అసలు చిక్కు కనిపించింది. టార్పెడోలు దగ్గరికి రాకుండా ఆల్బమార్ల్ చుట్టూ ముప్పై అడుగుల దూరంలో నీళ్ల మీద దుంగల వరస.

గోదారి గట్టు:

దుంగల మీదకి లాంచీ ఎక్కించాడా ఏంటి?

పాత నావికుడు:

అదే చేశాడు. దుంగలు చాలా రోజుల నుంచి నీళ్లలో నాని పాచిపట్టి జారుతూ ఉంటాయని లెక్కేశాడు. లాంచీని నది మధ్యకి తిప్పి, దూరం తీసుకుని, పూర్తి వేగంతో దుంగల మీదకి తోలాడు. ముందు భాగం ఎక్కింది, లోపలికి జారింది. ఎక్కాక వెనక్కి రావడం కుదరదని ముందే తెలుసు. ఎదురుగా పదడుగుల దూరంలో ఫిరంగి గొట్టం. గడ దించాడు, డబ్బా విడిచాడు, ఆగి, మూడో తాడు లాగాడు. టార్పెడో పేలడం, ఫిరంగి పేలడం దాదాపు ఒకేసారి జరిగాయి. ఆల్బమార్ల్ కిందకి దిగిపోయింది. నది లోతు తక్కువ కాబట్టి పై భాగం నీళ్ల పైనే మిగిలింది.

అప్పటికి ఆయన వయసు 21. ఇంకో వారంలో 22 వస్తుంది.

నీలిమ:

కథ అదిరింది, కాదనను. కానీ ఇలాంటి కథల్లో ఎప్పుడూ ఒక్కడే కనిపిస్తాడు. ఆ లాంచీలో ఉన్న మిగతావాళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. బయటపడింది ఇద్దరే: కుషింగ్, ఎడ్వర్డ్ హౌటన్ అనే నావికుడు. ఇద్దరు నీళ్లలో మునిగి చనిపోయారు, మిగతావాళ్లందరూ పట్టుబడ్డారు. లొంగిపొమ్మని శత్రువు అరిస్తే, "ఎవరి ప్రాణం వాళ్లు కాపాడుకోండి" అని చెప్పి కుషింగ్ నదిలో దూకాడు. వుడ్‌మన్ అనే సహచరుణ్ణి ఒడ్డుకి చేర్చాలని ప్రయత్నించాడు, ఆయన దక్కలేదు.

తెల్లారేదాకా చిత్తడిలో బురదలో పడుకున్నాడు. తర్వాత దారిలో ఒక నల్లజాతి మనిషి కనబడితే డబ్బులిచ్చి ఊళ్లోకి పంపాడు, ఓడ ఏమైందో కనుక్కురమ్మని. ఆ మనిషి వెళ్లి, చూసి, మునిగిపోయిందని వచ్చి చెప్పాడు. కుషింగ్ తాను చేసిన పని ఫలించిందని తెలుసుకున్నది ఆయన నోటి వెంట. బానిసత్వం ఇంకా నడుస్తున్న ఊళ్లో శత్రువు కోసం వేగు పనిచేయడం అంటే మెడ మీద కత్తే. ఆ మనిషి పేరు ఏ పడవకీ పెట్టలేదు.

పాత నావికుడు:

నీలిమ గారూ, ఒప్పుకుంటాను. ఆ వార్త విన్నాక కుషింగ్ సాయంత్రం ఒక వాగు దగ్గర కాపలా సైనికుల చిన్న పడవ దొంగిలించి, గంటల తరబడి తెడ్డు వేసి, నది ముఖం దగ్గరున్న వ్యాలీ సిటీ అనే సొంత ఓడకి చేరాడు. నాలుగు రోజుల్లో, అక్టోబర్ 31న, ప్లిమత్ ఉత్తరాది చేతికి తిరిగివచ్చింది. సత్తిబాబు గారి మొదటి ప్రశ్నకి నా జవాబు ఇదే. టార్పెడోతో శత్రు ఓడని ముంచి బతికొచ్చిన అమెరికన్ ఆఫీసరు ఆయన. టార్పెడో బోటు నంబర్ వన్‌కి ఇంకెవరి పేరు పెడతారు?

లెక్కల మాస్టారు:

నా పేరు ముందే చెప్పేశారు కాబట్టి తప్పదు.

కుషింగ్ బోటు: పొడవు సుమారు 140 అడుగులు, వెడల్పు 15, నీళ్లలో మునిగేది ఐదడుగుల లోపే. బరువు 116 టన్నులు, సిబ్బంది 22 మంది. వేగం సుమారు 23 నాట్లు, అంటే గంటకు 42 కిలోమీటర్లు. 1890లో పెద్ద యుద్ధనౌకల్లో చాలావాటికి ఇది అందని వేగం. మూడు టార్పెడో గొట్టాలు, 18 అంగుళాలవి, మూడు చిన్న ఫిరంగులు. 1890 జనవరి 23న నీళ్లలోకి దించారు, ఏప్రిల్ 22న సర్వీసులో చేరింది. ఉక్కు బోటు. దీనికి ముందే స్టిలెట్టో అని ఒకటి ఉండేది, అది చెక్కది, ప్రైవేటుగా కట్టుకున్నదాన్ని నేవీ కొనుక్కుంది. అందుకే నంబర్ వన్ కుషింగ్‌కి దక్కింది.

ఈ కొలతలకంటే నాకు నచ్చేది కట్టినవాళ్ల కథ. రోడ్ ఐలాండ్‌లోని బ్రిస్టల్ ఊళ్లో హెర్రెషాఫ్ అన్నదమ్ములు. అన్న జాన్ పదిహేనేళ్లు వచ్చేసరికి పూర్తిగా చూపు పోగొట్టుకున్నాడు. కంపెనీ నడిపింది మాత్రం ఆయనే. తమ్ముడు నథానియల్ డిజైన్ చేసేవాడు, చెక్కతో చెక్కిన నమూనాని అన్న చేతివేళ్లతో తడిమి బాగోగులు చెప్పేవాడు. ఈ నథానియలే తర్వాత 1893 నుంచి 1903 దాకా అమెరికాస్ కప్ తెరచాప పడవల పందేలు వరసగా గెలిచిన పడవలు గీశాడు. పందెం పడవలు గీసే చెయ్యి కాబట్టే కుషింగ్ అంత సన్నగా, అంత చురుగ్గా వచ్చింది. అదే దాని బలహీనత కూడా. పెద్ద కెరటాల్లో ఆ ఒళ్లు ఆగదు.

వైజాగ్ విహారి:

18 అంగుళాలు అంటే గుర్తొచ్చింది. ఆర్కే బీచ్‌లో ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూసినవాళ్లకి టార్పెడో గొట్టాలు తెలుసు, ముందు ఆరు, వెనక నాలుగు. అవి 533 మిల్లీమీటర్లవి, 21 అంగుళాలు. ఎనభై ఏళ్లలో మూడంగుళాలే పెరిగాయన్నమాట, మారిందంతా లోపలే. మన ఊళ్లో టార్పెడో అంటే నౌకాదళ పరిశోధన ల్యాబ్ ఎన్‌ఎస్‌టీఎల్ కూడా గుర్తుకు రావాలి, వరుణాస్త్ర టార్పెడోని డిజైన్ చేసింది అక్కడే.

కుషింగ్ వేసిన టార్పెడోలు ఎలాంటివి మాస్టారూ? ఆవిరివా, గాలివా?

లెక్కల మాస్టారు:

వైట్‌హెడ్ టార్పెడో లోపల గట్టిగా కూరిన గాలితో నడిచేది. అమెరికావాళ్లకి వేరే సొంత సరుకు కూడా ఉండేది, హోవెల్ టార్పెడో. దాని కడుపులో 60 కిలోల బరువైన చక్రం. వదిలే ముందు ఆవిరితో ఆ చక్రాన్ని నిమిషానికి పదివేల చుట్లు తిప్పేవారు, ఆ ఊపుతోనే అది నీళ్లలో ఈదేది. బుడగలు రావు కాబట్టి జాడ తెలియదు. 1891 నుంచి కుషింగ్ న్యూపోర్ట్ టార్పెడో స్టేషన్‌లో ప్రయోగాల పనిలో ఉంది. ఆ కాలంలోనే నేవీ ఈ రెండు రకాలనీ బేరీజు వేసుకుంటోంది, చివరికి వైట్‌హెడ్ గెలిచింది. హోవెల్‌వి యాభై మాత్రమే చేశారు. 2013లో శాన్ డియేగో దగ్గర నేవీ శిక్షణ ఇచ్చిన డాల్ఫిన్లు సముద్రం అడుగున ఒకదాన్ని కనిపెట్టాయి! ఈ ముక్క చెప్పకుండా ఉండలేకపోయాను.

సందేహాల సత్తిబాబు:

డాల్ఫిన్లు బావున్నాయి గానీ, నా రెండో ప్రశ్న అలాగే ఉంది. 1898లో ఏం చేసింది?

లెక్కల మాస్టారు:

శత్రువు మీద టార్పెడో వేసిందా అంటే, వేయలేదు. ఎనిమిదేళ్లు ప్రయోగాలూ, విన్యాసాలూ చేసి, యుద్ధం ముంచుకొస్తున్నప్పుడు ఫ్లోరిడా కొనలోని కీ వెస్ట్‌కి వెళ్లింది. అక్కడ దాని ఉద్యోగం ఏమిటంటే, కాపలా తిరగడం, ఉత్తరాలు మోయడం. కీ వెస్ట్ నుంచి క్యూబాలోని హవానాకి కబుర్లు చేరవేయడానికి అంత వేగమైన పడవ ఇంకేముంది?

1898 ఫిబ్రవరి 11న అలా హవానా వెళ్తుండగా సముద్రం బాగా పొంగి ఉంది. ఎన్‌సైన్ బ్రెకిన్‌రిడ్జ్ అనే యువ ఆఫీసరు కెరటం దెబ్బకి పడవ మీద నుంచి కొట్టుకుపోయాడు. ఆయన్ని కాపాడటానికి ఇద్దరు ప్రాణాలకు తెగించారు: గన్నర్స్ మేట్ జాన్ ఎవరెట్స్, ఓడ వంటమనిషి డేనియల్ ఆట్కిన్స్. ఆయన దక్కలేదు. ఇద్దరికీ అమెరికా అత్యున్నత సాహస పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. సరిగ్గా నాలుగు రోజుల తర్వాత హవానా రేవులో మెయిన్ యుద్ధనౌక పేలిపోయింది, యుద్ధానికి దారితీసింది.

యుద్ధంలో లెఫ్టినెంట్ ఆల్బర్ట్ గ్లీవ్స్ కమాండులో క్యూబా తీరాన్ని దిగ్బంధించే పనిలో ఉంది. ఆగస్టులో నాలుగు చిన్న పడవలని పట్టుకుంది. ఆగస్టు 11న గ్విన్ అనే ఇంకో టార్పెడో బోటు మనుషులతో కలిసి ఇరవై టన్నుల తెరచాప పడవని తగలబెట్టింది. మర్నాడు యుద్ధ విరమణ.

నీలిమ:

మెడల్ సంగతిలో ఒక వింత గమనించారా? ఆల్బమార్ల్ దాడిలో కుషింగ్ వెంట వెళ్లిన నావికులకి మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చింది, నడిపించిన కుషింగ్‌కి రాలేదు. అప్పటి రూల్ ప్రకారం నేవీ ఆఫీసర్లకి ఆ పతకం ఇవ్వకూడదు, 1915లో గానీ ఆ రూల్ మారలేదు. ఆయనకి కాంగ్రెస్ కృతజ్ఞతలూ, లెఫ్టినెంట్ కమాండర్ ప్రమోషనూ దక్కాయి. ఆయన పేరు మోసే బోటులో వంటమనిషికి అదే పతకం!

ఇంకా ఉంది. ఆయన అన్న అలోంజో సైన్యంలో ఫిరంగుల దళం నడుపుతూ 1863 జులై 3న గెటిస్‌బర్గ్‌లో చనిపోయాడు. ఆయనకి మెడల్ ఆఫ్ ఆనర్ 2014లో, ఒబామా హయాంలో ఇచ్చారు. నూట యాభై ఏళ్ల ఆలస్యం.

గోదారి గట్టు:

మాస్టారూ, కోప్పడకండి. అంతా విన్నాక నాకనిపించేది, టార్పెడో బోటు అనేదే దండగ ఖర్చు అని. గడ కట్టుకెళ్లిన లాంచీ ఇనుప ఓడని ముంచింది. మూడు గొట్టాలూ, ఉక్కు ఒళ్లూ ఉన్నది ఉత్తరాలు మోసింది.

లెక్కల మాస్టారు:

అలా తీసిపారేస్తే ఎలా? వేరే దేశాల్లో పనిచేసింది. 1878లో బాటుమ్ దగ్గర రష్యా బోట్లు వైట్‌హెడ్ టార్పెడోలతో టర్కీ ఓడని ముంచాయి. 1895లో వైహైవై రేవులో జపాన్ టార్పెడో బోట్లు రాత్రివేళ చొరబడి చైనా ప్రధాన యుద్ధనౌక డింగ్‌యువాన్‌ని పనికిరాకుండా చేశాయి. ఈ బోట్లంటే ఎంత భయం పట్టుకుందంటే, వాటిని వేటాడటానికే బ్రిటన్ 1893లో హావక్ అనే కొత్తరకం ఓడ దించింది. ఇవాళ మనం డిస్ట్రాయర్ అంటున్నది దాని సంతానమే. శత్రువు తన ఓడల నమూనానే మార్చుకునేలా చేసిన ఆయుధాన్ని దండగ అనలేం.

పాత నావికుడు:

ఇద్దరి మాటకీ మధ్యలో ఉన్నాను నేను. రాత్రి, ఇరుకు నీళ్లు, కదలకుండా కట్టేసిన లక్ష్యం: ఆల్బమార్ల్‌లోనూ వైహైవైలోనూ ఈ మూడూ కలిశాయి. పట్టపగలు, ఎదురుగా ఫిరంగులున్న రేవులోకి పంపితే ఏమవుతుందో 1898 మే 11న క్యూబాలోని కార్డెనాస్‌లో చూశారు. విన్‌స్లో అనే టార్పెడో బోటుని తీరం మీది ఫిరంగులు చితక్కొట్టాయి, ఎన్‌సైన్ వర్త్ బాగ్లీతో కలిపి ఐదుగురు పోయారు. పల్చటి రేకు ఒంటితో చేయాల్సిన పని కాదది. తప్పు బోటుది కాదు, పంపినవాళ్లది.

రాలీ రామకృష్ణ:

ఆలస్యంగా వచ్చాను. నేనుండేది నార్త్ కరోలినాలోనే. ప్లిమత్ ఇప్పుడు చాలా చిన్న ఊరు. అక్కడి మ్యూజియం పక్కన రోనోక్ నదిలో ఆల్బమార్ల్ నమూనా ఓడ ఉంది, అసలుదాని కంటే బాగా చిన్నది. అసలు ఓడని తర్వాత పైకి తీసి, నార్ఫోక్‌కి లాక్కెళ్లి, 1867లో అమ్మేశారు. దాని పొగగొట్టం ముక్క ఎలిజబెత్ సిటీ మ్యూజియంలో ఉంది. అటువైపు వచ్చేవాళ్లు రెండూ ఒకే రోజు చూసుకోవచ్చు, మధ్యలో తిండికి పెద్దగా ఏమీ దొరకదు, పులిహోర కట్టుకోండి.

క్యూబా సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. 1873లో వర్జీనియస్ అనే ఓడని స్పెయిన్‌వాళ్లు పట్టుకుని, అందులో ఉన్నవాళ్లని శాంటియాగోలో వరసపెట్టి కాల్చేస్తున్నారు. బ్రిటిష్ ఓడ నయోబీ కెప్టెన్ లొరైన్ ముందుగా చేరి అడ్డుపడ్డాడు. వెనకే వయోమింగ్ ఓడతో వెళ్లి గవర్నర్‌ని నిలదీసిన అమెరికన్ కమాండర్ ఎవరనుకున్నారు? మన కుషింగే. బోటు కంటే పాతికేళ్ల ముందే మనిషి ఆ నీళ్లలో తిరిగాడు.

సందేహాల సత్తిబాబు:

ఇది నాకు అస్సలు తెలియదు. ఆ తర్వాత ఆయన ఏమయ్యాడు?

పాత నావికుడు:

ఏడాదికే పోయాడు. చాలాకాలంగా నడుం నొప్పితో విపరీతంగా బాధపడేవాడు, చివర్లో మతి తప్పింది. 1874 డిసెంబర్ 17న వాషింగ్టన్‌లో ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో కన్నుమూశాడు. 32 ఏళ్లు. చదువు పూర్తి చేయనివ్వని అన్నాపొలిస్ అకాడమీ శ్మశానంలోనే సమాధి ఉంది. దాని మీద ఆల్బమార్ల్ అని చెక్కారు.

వైజాగ్ విహారి:

బోటు చివరికి ఏమైంది? ఆ పేరు ఇంకా వాడుతున్నారా?

లెక్కల మాస్టారు:

బోటుని 1898 నవంబర్‌లో పక్కన పెట్టేశారు. 1920 సెప్టెంబర్ 24న గురి చూసి కాల్చే ప్రాక్టీసుకి లక్ష్యంగా వాడి ముంచేశారు.

పేరు ఇంకో నాలుగు ఓడలకి పెట్టారు, నాలుగూ డిస్ట్రాయర్లే. 1915 నాటిది మొదటి ప్రపంచ యుద్ధంలో ఐర్లండ్ తీరంలో తిరిగింది. 1936 నాటిది 1942 నవంబర్ 13 తెల్లవారుజామున పసిఫిక్ సముద్రంలోని గ్వాడల్‌కెనాల్ దీవి దగ్గర అమెరికా వరసలో అన్నిటికంటే ముందుంది. చీకట్లో జపాన్ యుద్ధనౌక హియే మీద టార్పెడోలు వేసి, తానూ మునిగింది. 1944 నాటిది తర్వాత బ్రెజిల్‌కి వెళ్లింది. ఆఖరిది 1979లో చేరిన స్ప్రూయన్స్ తరగతి ఓడ, 2005లో రిటైరైంది. ఆ తరగతిలో చివరిదాకా సర్వీసులో ఉన్నది అదే. దాన్నీ 2008లో విన్యాసాల్లో లక్ష్యంగా పెట్టి ముంచారు.

ప్రస్తుతం నడుస్తున్న ఓడల్లో కుషింగ్ అనే పేరు లేదు.

గోదారి గట్టు:

గ్వాడల్‌కెనాల్‌ది వేరే చర్చగా పెట్టండి మాస్టారూ. చీకట్లో యుద్ధనౌక దగ్గరికి వెళ్లి టార్పెడో వేయడం అంటున్నారు, అది మొదటాయన పనే కదా. ఆ రాత్రి ఎంత దగ్గర నుంచి వేశారో తెలుసుకోవాలి.